సోర్స్ లేని క్లాసుని యాస్పెక్ట్‌తో మార్చేయడం సబబేనా?

నెల్లూరు_కాటా:
మా రైస్ మిల్లు బిల్లింగులో లారీ తూకం చదివే క్లాసు పాత జార్‌లో (కంపైల్ చేసిన జావా కోడు మూటలో) ఉంది, సోర్స్ లేదు. మా కోడు 40 చోట్ల దాన్ని నేరుగా ‘న్యూ’ చేస్తుంది, అంటే ఆబ్జెక్ట్ సృష్టిస్తుంది. కాటా లేకుండా టెస్ట్ నడపలేక, పాత కోడు ముట్టుకోకుండా బయటి నుంచి ‘యాస్పెక్ట్’ అనే కోడు చొప్పించే యాస్పెక్ట్‌జేలో ఆ కన్‌స్ట్రక్టర్ కాల్ మీద ‘అరౌండ్’ అడ్వైస్, అంటే ఆ కాల్‌ని చుట్టేసే కోడు రాశా. అసలు కాల్‌ని నడిపే ‘ప్రొసీడ్’ అనకుండా నా సబ్‌క్లాస్ ఆబ్జెక్ట్ తిరిగిస్తుంది. పాత కోడు ఒక్క లైనూ ముట్టుకోలేదు. ఇందులో తప్పేంది?

ఒంగోలు_జావా:
తప్పుందన్నా. కోడు చదివేవాడికి కనపడేది ఒక క్లాసు, చేతికొచ్చేది ఇంకోటి. చీమకుర్తిలో ఒక గ్రానైట్ యూనిట్‌కి పనిచేసినప్పుడు బండల బరువు తప్పు పడతా ఉంటే రెండు రోజులు వెతికా. తూకం మెథడ్‌లో బ్రేక్‌పాయింట్ పెడితే ఒక్కసారీ ఆగలేదు. ఎవరో టెస్ట్ కోసం రాసిన యాస్పెక్ట్ లైవ్‌లోకి వచ్చేసి ఆ కాల్‌ని పక్కకి తిప్పేస్తోంది. 1997లో జెరాక్స్ వాళ్ల పరిశోధన కేంద్రం ‘పార్క్’లో కిచాలెస్ బృందం ఈ యాస్పెక్ట్ పద్ధతిని ముందుకు తెచ్చింది లాగింగ్ లాంటి అంతటా చెదిరిన పనుల్ని ఒకచోట చేర్చడానికి. రైతు బస్తాల లెక్క దాని చాటున మారిపోకూడదు. సొంత ఇంటర్‌ఫేస్, ఆబ్జెక్ట్ తయారుచేసిచ్చే ఒక ‘ఫ్యాక్టరీ’ క్లాసు రాసుకో. 40 చోట్లంటే ఒక పూట పని.

కావలి_బైట్‌కోడ్:
ఒంగోలన్న బాధ నిజమే, కానీ సోర్స్ లేని జార్‌ని టెస్టులో ఇట్ట పట్టుకోవడం నాకు న్యాయంగానే ఉంది. నెల్లూరన్నా, రెండు చూసుకో. ‘కాల్’ పాయింట్‌కట్ (అడ్వైస్ ఎక్కడ పనిచెయ్యాలో చెప్పేది) పెడితే అడ్వైస్ పిలిచే కోడు వైపు వీవ్ అవుతుంది, అంటే అక్కడి బైట్‌కోడ్‌లో (కంపైల్ అయిన కోడులో) కలుస్తుంది. వీవ్ చెయ్యని జార్ లోపల ‘న్యూ’ జరిగినా, రిఫ్లెక్షన్‌తో (‘న్యూ’ రాయకుండా, నడుస్తుండగా క్లాసుని వెతికి పట్టుకుని) సృష్టించినా నీ అడ్వైస్‌కి తెలియదు. రెండోది అసలు చిక్కు: నీ సబ్‌క్లాస్ పుట్టేటప్పుడు ‘సూపర్’ ద్వారా పేరెంట్ కన్‌స్ట్రక్టర్ నడిచి తీరుతుంది. అది అక్కడే సీరియల్ పోర్ట్ తెరిస్తే? అప్పుడు పోర్ట్ తెరిచే కాల్‌నే ఆ జార్ లోపల వీవ్ చెయ్యాలి. యాస్పెక్ట్‌జే బైట్‌కోడ్‌నీ వీవ్ చేస్తుంది గనక సోర్స్ అక్కర్లేదు. స్ప్రింగ్ ఏఓపీ (స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్‌లోని యాస్పెక్ట్ సదుపాయం) జోలికి మాత్రం పోవద్దు, అది ప్రాక్సీ, అంటే స్ప్రింగ్ చేతిలో ఉన్న ఆబ్జెక్ట్ ముందు నిలబెట్టే బదులు ఆబ్జెక్ట్. నువ్వు ‘న్యూ’ చేసుకున్న ఆబ్జెక్ట్‌ని పట్టుకోలేదు.

నెల్లూరు_కాటా:
కావలన్నా, నువ్వన్నట్టే! కాటా కేబుల్ పీకి నడిపితే మొదటి టెస్టే పోర్ట్ దొరకలేదని ఆగింది. ఇన్నాళ్లూ మిల్లు సిస్టమ్ మీదే నడిపా గనక తెలియలేదు. నువ్వు చెప్పినట్టు పోర్ట్ కాల్‌ని తిప్పాక అన్నీ పాసయ్యాయి. ఒంగోలన్నా, లైవ్ బిల్డ్‌లో వీవర్ తీసేశా, యాస్పెక్ట్ ఫైలు కనపడితే బిల్డే ఆగేట్టు చెక్ పెట్టా. ఫ్యాక్టరీ కూడా మొదలుపెట్టా, 6 చోట్ల అయింది.