షట్‌డౌన్ మొదలయ్యాక కొత్త పనులు లిస్టులో చేర్చొచ్చా?

టర్బైన్‌మ్యాన్: మా థర్మల్ పవర్ ప్లాంట్ యూనిట్‌లో 30 రోజుల ఓవర్‌హాల్, అంటే యూనిట్ ఆపి చేసే పెద్ద మరమ్మతు. నాలుగో రోజుకి కూడా టర్బైన్ కేసింగ్ చల్లారలేదు, బారింగ్ గేర్ (రోటర్‌ని మెల్లగా తిప్పే ఏర్పాటు) ఆపితే రోటర్ వంగుతుందని తిప్పుతూనే కూర్చున్నాం, అప్పుడే బాయిలర్ వాళ్లు మూడు కొత్త పనులు పట్టుకొచ్చారు. మరి స్కోప్ ఫ్రీజ్ (పనుల లిస్టు ముందే ఖరారు చేయడం) ఎందుకు చేసుకున్నట్టు? లిస్టులో లేనిది వచ్చే షట్‌డౌన్‌కే అంటాను నేను.

ట్యూబ్‌లీక్: అన్నా, ఎకనమైజర్ (బాయిలర్‌కి వెళ్లే నీటిని పొగ వేడితో వేడిచేసే భాగం) ట్యూబు మందం యూనిట్ నడుస్తుండగా కొలిచి లిస్టు రాయమంటావా? బూడిద కోతకి ఎంత అరిగిందో లోపలికి దిగి, శుభ్రం చేసి, గేజ్ పెడితేనే తెలిసేది. మా దగ్గర ఒక వంపులో 4.5 మి.మీ. ఉండాల్సింది 2.9 చూపించింది. వచ్చేసారి చూద్దాం అన్నారు. రెండు నెలలకి అక్కడే లీకైంది, ఆ ధార పక్క ట్యూబుల్ని కూడా కోసేసింది. ఒక్క ముక్క మార్చాల్సింది పదకొండు మార్చాం, అదీ అర్ధాంతరంగా యూనిట్ ఆపి.

పర్మిట్‌డెస్క్: మీరు పని చేర్చడం అంటే పేపర్ మీద ఇంకో లైన్ అనుకుంటున్నారు. కొత్త పనికి కొత్త పర్మిట్, కొత్త ఐసొలేషన్ (ఆ లైన్ వాల్వులు మూసి ట్యాగ్ కట్టడం) కావాలి. వెల్డింగ్ అయ్యాక ఎక్స్‌రే తీయాలంటే చుట్టుపక్కల అందర్నీ ఖాళీ చేయించాలి, అంటే మిగతా పనులు ఆగాలి. ఒకసారి నైట్ షిఫ్ట్‌లో పాత పని అయిపోయిందని వాల్వ్ మీద ట్యాగ్ తీయబోయారు. అదే లైన్‌లో నోటిమాటగా చేర్చిన పని మీద ఇద్దరు లోపలే ఉన్నారు! ఫ్లాంజ్ (పైపు జాయింట్) దగ్గర వాళ్ల టార్చ్ వెలుగు కనబడబట్టి ఆగారు.

ప్లానర్: అందుకే లిస్టుకి తలుపు ఎప్పుడు మూయాలో ముందే రాసుకోవాలి. ఫ్యాన్లు నడిపితే బాయిలర్ ఒకట్రెండు రోజుల్లో మనిషి దిగేంత చల్లారుతుంది, టర్బైన్‌కి ఇంకా టైమ్ పడుతుంది. ఆ ఖాళీలోనే తనిఖీ ముగించండి. అందులో బయటపడ్డ లోపం, కొలత చూపిస్తే, చేర్చాల్సిందే, ట్యూబులు స్టోర్‌లో ఉన్నాయో లేదో చూసుకుని. "ఎలాగూ ఆపాం కదా, ఇదీ చేసేద్దాం" అనేవి మాత్రం వద్దు, ఎవరు అడిగినా సరే. ఇంతకీ ఆ మూడు పనులేంటి సార్?

టర్బైన్‌మ్యాన్: రెండు ఎకనమైజర్ వంపులే, ఒప్పుకుంటున్నా. మూడోది ఫ్యాన్ దగ్గర మెట్లకి రంగు.

ట్యూబ్‌లీక్: అది మా లిస్టు కాదు అన్నా 😅