‘సీడెడ్ కింగ్’ అనే బిరుదులో ‘సీడెడ్’ అంటే ఏమిటి?

అనంతపురం నుంచి, చర్చ ప్రారంభం:

మిత్రులకు నమస్కారం. ఈసారి నేను చర్చకు పెడుతున్న మాట ఏ పద్యంలోనూ లేదు. అయినా మన జిల్లాల్లో ఇరవై ఏళ్ల కుర్రవాడు రోజుకు పదిసార్లు పలికే మాట అది. పెద్ద సినిమా విడుదలైన మర్నాడు ఫోన్లలో తిరిగే వసూళ్ల పోస్టరును చూడండి. నైజాం ఇన్ని కోట్లు, సీడెడ్ ఇన్ని కోట్లు, ఉత్తరాంధ్ర ఇన్ని, ఆ తర్వాత తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. ఆ అంకెలు కల్పితాలని ఒక హీరో అభిమానులు, కుళ్లుకొని అంటున్నారని మరొక హీరో అభిమానులు తెల్లవారేదాకా తిట్టుకుంటారు. ఆ తిట్ల మీద నాకు ఆసక్తి లేదు. అంకెలను సరిచూసుకునే దారి ప్రేక్షకుడికి లేనప్పుడు ఆ కొట్లాట పంచాంగంలోని వానల లెక్క మీద పందెం కాయడంతో సమానం. నా కన్ను పడేది రెండో వరుసలో మన రాయలసీమకు పెట్టిన ‘సీడెడ్’ అనే పేరు మీద.

మొన్న మా ఊళ్లో టవర్ క్లాక్ దగ్గర టీ తాగుతుంటే పక్క బల్ల మీద ఇద్దరు విద్యార్థులు తమ తమ హీరోలలో ఎవరు ‘సీడెడ్ కింగ్’ అనే విషయం మీద మాటా మాటా పెంచుకున్నారు. నేను ఊరుకోలేక, “సీడెడ్ అంటే ఏమి నాయనా?” అని అడిగాను. వారిలో చిన్నవాడు తడుముకోకుండా, “సీడ్ అంటే విత్తనం కదా సార్, సినిమా ఈడ మొలిస్తే రాష్ట్రమంతా పండుతుంది, అందుకే సీడెడ్” అన్నాడు. శెనక్కాయ విత్తనం కోసం ఏటా వరుసల్లో నిలబడే జిల్లాలో పుట్టిన పిల్లవాడికి అంతకంటే సహజమైన వ్యుత్పత్తి తోచదు. ఆ వివరణలోని ఆశ నాకు ఎంత నచ్చిందంటే, సరిదిద్దడానికి కాసేపు మనసు రాలేదు.

అసలు సంగతి ఇది. 1800 అక్టోబరు 12న నిజాం ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న ఒప్పందంలో, తన రక్షణకు కంపెనీ ఉంచే సైన్యం ఖర్చు కింద ఈ ప్రాంతాన్ని కంపెనీకి రాసిచ్చాడు. ‘సీడ్’ అనే ఆంగ్ల క్రియకు, విత్తనంతో ఏ చుట్టరికమూ లేని ఆ క్రియకు, హక్కు వదులుకొని అప్పగించడం అని అర్థం. అప్పగించిన జిల్లాలు కనుక ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’. అప్పగించినవాడికైనా ఈ నేల తాతముత్తాతల ఆస్తి అనుకోవద్దు. మైసూరు సుల్తానుతో జరిగిన యుద్ధాల తర్వాత 1792లో కొంత, 1799లో కొంత అతని చేతికి వచ్చింది. అంటే ఎనిమిదేళ్లు ఉంచుకున్నది కొంత, ఏడాది మాత్రమే ఉంచుకున్నది కొంత. ఇక్కడి రైతును అడిగినవారు ఇచ్చినప్పుడూ లేరు, పుచ్చుకున్నప్పుడూ లేరు.

ఇప్పుడు ఆ పోస్టరును మళ్లీ చూడండి. మొదటి వరుస నైజాం, రెండో వరుస సీడెడ్. ఇచ్చినవాడి పేరు పైన, ఇచ్చేసిన నేల పేరు కింద. రెండు వందల ఏళ్ల కిందటి ఒప్పందంలోని ఇరుపక్షాలలో కంపెనీ ఒక్కటే లేదు, మిగిలినదంతా ప్రతి శుక్రవారం కొత్తగా అచ్చవుతోంది. ఆ వరుసను పట్టుకొని మన పిల్లలు తమ హీరోను ‘సీడెడ్ కింగ్’ అంటున్నారంటే, తెలుగులో దాని అర్థం ‘వేరొకరికి రాసిచ్చిన నేలకు రాజు’ అని. తాము పొగిడామనే అనుకుంటున్నారు.

నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. ఈ మాటను మనం వదిలేయాలి. 1928 నవంబరులో నంద్యాలలో మన పెద్దలు కూర్చొని, ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’కు తెలుగైన ‘దత్త మండలాలు’ అనిపించుకోవడం అవమానమని, ‘రాయలసీమ’ అనే పేరు పెట్టుకున్నారు. ప్రభుత్వం మార్చుకుంది, పత్రికలు మార్చుకున్నాయి, పాఠ్యపుస్తకాలు మార్చుకున్నాయి. మార్చుకోనిది సినిమా వ్యాపారం ఒక్కటే, దాని వెనక నడిచే అభిమాన సంఘాలు ఒక్కటే. మీరేమంటారు?

కర్నూలు నుంచి:

నేను చాలా కాలం సినిమా పంపిణీ కార్యాలయంలో లెక్కలు రాసినవాణ్ణి కనుక వ్యాపారం వైపు నుంచి ఒక మాట. ‘సీడెడ్’ మాకు ఊరు పేరు కాదు, ఖాతా పేరు. కొన్న హక్కులు ఏ ఏరియావి, ఏ బాకీ ఏ ఏరియా మీద సర్దుబాటు కావాలి, టికెట్టు సొమ్ములో పన్ను, థియేటరు అద్దె పోగా మిగిలే షేరు ఎవరి పద్దులో పడాలి అనే వ్యవహారమంతా ఆ పేరు మీద నడుస్తుంది. నైజాం అన్నా అంతే. నిజాం పోయాడు, 2014లో తెలంగాణ రాష్ట్రమే వచ్చింది, ఖాతా మాత్రం నైజాంగానే ఉంది. తెలంగాణ మిత్రులలో ఎంతమంది దాని మీద నొచ్చుకుంటున్నారో చెప్పండి. కుర్రవాళ్లు మా ఖాతా పుస్తకంలోని మాటను వీధిలోకి తెచ్చి జెండాకు కట్టారు. తప్పు అక్కడ జరిగింది.

ఇంకొకటి. కర్నూలు వాడిగా నాకు ఈ మాట మీద కోపం రావడానికి కూడా హక్కు సరిగా లేదు. 1800లో కంపెనీకి దక్కింది మా నవాబు కట్టే కప్పం. కర్నూలును కంపెనీ నేరుగా కలుపుకొన్నది 1839లో, నవాబును తొలగించిన తర్వాత. అప్పగింత లెక్కన మేము ముప్పావు సీడెడ్ కూడా కాము.

ఆదోని నుంచి:

అలాగైతే మా ఆదోని సంగతి కూడా రాసుకోండి. మేము 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉన్నాము. బళ్లారి 1800 నాటి అప్పగింతలో నడిబొడ్డు. అది ఇప్పుడు కర్ణాటకలో ఉంది. పాత చిత్తూరు జిల్లాలో మదనపల్లె, వాయల్పాడు వైపు తప్ప మిగిలిన భాగం ఆర్కాటు నవాబు నుంచి వచ్చినది. 1911లో ఆ జిల్లా ఏర్పడింది. ఈనాటి సినిమా లెక్కలో చిత్తూరు సీడెడ్. చరిత్రకూ ఖాతాకూ పొత్తు కుదరడం లేదని ఒప్పుకుంటే, ఆ మాటను చరిత్ర పేరు చెప్పి నిలబెట్టడమూ కుదరదు, చరిత్ర పేరు చెప్పి కొట్టివేయడమూ కుదరదు.

ప్రొద్దుటూరు నుంచి, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు:

చర్చ ప్రారంభించినవారు ఆంగ్లపదాన్ని విప్పి చూపారు, దానికి పెద్దలు చేసిన తెలుగును మాత్రం ఒక్క మాటలో దాటిపోయారు. ‘దత్త’ అనేది ‘ఇవ్వబడినది’ అనే అర్థంలో సంస్కృతం నుంచి వచ్చింది. అయితే తెలుగువాడి చెవికి ఆ మాట ఒంటరిగా వినిపించదు. దత్తత, దత్తపుత్రుడు, దత్తు పోవడం అనే మాటలు వెంట వస్తాయి. దత్తు పోయినవాడికి కొత్త ఇంట్లో ఇంటిపేరూ ఆస్తీ హక్కుగా వస్తాయి. ఆంగ్లంలోని ‘సీడెడ్’ పొలం గట్టు చూపి చేతులు దులుపుకొన్న మాట. ‘దత్త మండలం’ అన్న పండితుడు తెలిసి చేశాడో తెలియక చేశాడో గాని, అప్పగింత పత్రాన్ని దత్తత పత్రంగా మార్చాడు. నంద్యాల సభలో ఆ మాట కూడా వద్దనుకున్నారంటే, దత్తు తీసుకున్న ఇంట్లో అన్నం సరిగా పెట్టలేదనే కదా అర్థం.

ఇక మాటను వదిలేయాలన్న తీర్పుకు నేను ఒప్పుకోను. మాట పుట్టిన చోటును బట్టి దాని నేటి మర్యాదను తేల్చడం భాషాశాస్త్రం ఒప్పని పని. ‘కలెక్టరు’ అనే మాటనే తీసుకోండి. మన్రో దొర 1800 నుంచి 1807 దాకా ఈ జిల్లాలకు ప్రధాన కలెక్టరుగా చేసింది శిస్తు వసూలు. పదవికి ఆ పేరు వచ్చిందే వసూలును బట్టి. ఈనాడు కలెక్టరు అంటే ఇంటి పట్టాకూ వరద సాయానికీ అర్జీ పట్టుకొని వెళ్లే చోటు. పిల్లవాడు కలెక్టరు కావాలని కోరుకునే తల్లి, వాడు పన్ను దండాలని కోరుకోవడం లేదు. సీడెడ్ కూడా అట్లా అర్థం మార్చుకున్న మాటే. విత్తనం అన్న ఆ కుర్రవాడే ఈ చర్చలో అందరికంటే ముందు నడుస్తున్నాడు. ఒక తరం అట్లాగే అనుకుంటే ఆ అర్థమే నిఘంటువులోకి వస్తుంది.

అనంతపురం నుంచి:

అయ్యవారికి నమస్కారం. దత్తత పత్రం అన్న మాటకు చేతులెత్తి దండం పెడుతున్నాను. అది నాకు తట్టలేదు. కలెక్టరు ఉపమానం దగ్గర మాత్రం ఆగుతాను. కలెక్టరు ఒక పదవి పేరు. ఆ పేరు మారినా మారకపోయినా అది ఎవరి మీదా ముద్ర వేయదు. సీడెడ్ అనేది మనల్ని పిలిచే పేరు. అందులోనూ మనకు మనం పెట్టుకున్న మరో పేరు బతికి ఉండగా, దానిని పక్కన పెట్టి ఈ పేరుతో పిలవడం జరుగుతోంది. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఉన్నవాణ్ణి తాకట్టు చీటీలోని సంఖ్యతో పిలిస్తే, ఆ సంఖ్య ఎంత వాడుకలోకి వచ్చినా వాడు పలకవలసిన పని లేదు.

కడప నుంచి, అధ్యాపకురాలు:

ఇంతసేపు అందరూ ‘రాయలసీమ’ అనే పేరు కడిగిన ముత్యంలా సిద్ధంగా ఉన్నట్లు మాట్లాడుతున్నారు. నాకు అక్కడే పేచీ. ఏ సామాజిక మాధ్యమంలోనైనా మన ప్రాంతం వారు ఒక పాట గురించో నటన గురించో గట్టిగా వాదించి చూడండి. నాలుగో జవాబుకల్లా అవతలివారు, “సీమవాళ్లు కదా, బాంబులు తెస్తారా?” అంటారు. ఈ ఎగతాళి గాలిలోంచి పుట్టలేదు. ఏళ్ల తరబడి తెర మీద ‘సీమ’ అంటే తొడకొట్టడం, గాల్లోకి లేచే సుమోలు, వేటకొడవళ్లు అని చూపినవారు ఉన్నారు, దాన్ని చూసి ఈలలు వేసిన మనమూ ఉన్నాము. కరువుకు నీళ్లు అడిగిన గొంతుగా వినబడవలసిన పేరు, తెర మీద గొడ్డలి చప్పుడుగా మారింది. అందులో మన వాటాను దాచుకోకూడదు.

భాష సంగతికి వస్తే నొప్పి ఇంకా ఎక్కువ. తెర మీద ప్రతినాయకుడు ఒకే వాక్యంలో కడప మాటను, చిత్తూరు సాగదీతను, ఎక్కడా లేని గద్దింపును కలిపి మాట్లాడతాడు. మా ఇంట్లో ‘వస్తాడు’ అనడానికి ‘వచ్చాడు’ అంటాము, ‘చేస్తాడు’ అనడానికి ‘చేచ్చాడు’ అంటాము. జరగబోయేదే మా నోట జరిగిపోయినట్లు వినిపించి కోస్తా నుంచి వచ్చిన కోడళ్లు మొదటి ఏడాది తికమకపడతారు. ఇంత అందమైన విషయం ఒక్క సినిమా హాస్యానికైనా పనికి రాలేదు. పాత నాలుగు జిల్లాల నాలుగు రకాల మాటను ఒక్క ‘సీమ యాస’గా ముద్ద చేసినవారికీ, నాలుగు జిల్లాలను ఒక్క ‘సీడెడ్’గా ముద్ద చేసినవారికీ చూపులో తేడా నాకు కనిపించదు. మొదటివారు మనల్ని కథకు వాడుకుంటారు, రెండోవారు గల్లాపెట్టెకు వాడుకుంటారు.

అందుచేత నా మాట వినడానికి కటువుగా ఉన్నా చెబుతున్నాను. పోస్టరు మీద ‘సీడెడ్’ తీసి ‘రాయలసీమ’ అని వేస్తే, మర్నాటి నుంచి ‘రాయలసీమ కింగ్’ అనే బిరుదు వస్తుంది, దాని కింద కత్తి బొమ్మ కూడా వస్తుంది. ఎండిపోయిన ఆంగ్లపదానికి కనీసం నెత్తురు అంటలేదు.

నంద్యాల నుంచి:

మా ఊరి సభ ప్రస్తావన వచ్చింది గనుక ఒక వివరం చేర్చాలి. ‘రాయలసీమ’ పేరును గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు పెట్టారని చాలాకాలం చెప్పుకున్నారు. ఇప్పటికీ కొన్ని చోట్ల అలాగే కనిపిస్తుంది. ఆయన కర్నూలులో పుట్టినవారు కావడం ఆ నమ్మకానికి బలం ఇచ్చి ఉండవచ్చు. ఆ సభలో పేరును సూచించినవారు చిలుకూరి నారాయణరావు గారు. ఆయన శ్రీకాకుళం ప్రాంతం వారు, భాషా చరిత్ర రాసిన పండితులు, అనంతపురం కళాశాలలో తెలుగు బోధించినవారు. 1916లో ఆ కళాశాల మొదలైనప్పుడు దాని పేరు ఏమిటో ఈ చర్చలో ఉన్నవారికి చెప్పాలి: సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ. ఆ పేరున్న కళాశాలలో జీతం తీసుకుంటూ ఆ పేరుకు మారు పేరు కనిపెట్టిన మనిషి, దూరపు జిల్లా నుంచి వచ్చినవాడు.

అనంతపురం నుంచి:

నంద్యాల మిత్రులకు కృతజ్ఞతలు. నేను చదివినది ఆ కళాశాలలోనే. మా రోజులకు అది ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల. ఆ మెట్ల మీద కూర్చొని మేము కూడా సీడెడ్ రికార్డుల గురించి వాదించుకున్నామని ఒప్పుకోకపోతే నేను మాట దాచినవాణ్ణి అవుతాను.

కడప అక్కగారి అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ‘సీమ’ పేరుకు అంటిన మరక నిజమే. అయితే మరక పడిన చొక్కాను ఉతుక్కుంటామే గాని, దానిని విప్పి పక్కింటివారి పాత కోటు తొడుక్కోము. ఆ కోటు జేబులో ఇంకా అప్పగింత కాగితం ఉంది. కత్తి బొమ్మ వేసేవారితో వేరుగా తగువు పెట్టుకుందాము, అది పెట్టుకోవలసిన తగువే. కర్నూలు మిత్రులు చెప్పిన ఖాతా సంగతి ఒప్పుకుంటున్నాను. కొన్నవారి పుస్తకాల్లో ఏ పేరు ఉన్నా నాకు పేచీ లేదు. పుస్తకం దాటి మన నోటికి వచ్చేటప్పుడు మాత్రం ‘సీమ వసూళ్లు’ అందామన్నది నా కోరిక.

టవర్ క్లాక్ దగ్గరి కుర్రవాడికి ఆ రోజు చివరికి ఒప్పందం కథ అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. “అంటే మన జిల్లాలను అమ్మేసినారా సార్?” అని అడిగాడు. అమ్మలేదు, సైన్యం ఖర్చు కింద ఇచ్చేశారు అన్నాను. “ఎన్ని కోట్లకు?” అన్నాడు. పక్కవాడు అప్పటికే ఫోను తీసి, తమ హీరో సినిమా ఆ అంకెను దాటిందో లేదో చూడడానికి సిద్ధంగా ఉన్నాడు.