రాత్రి షిఫ్ట్ దిగి నడిచే దారికి ఏ విద్య పనికొస్తుంది? జూడోనా, బాక్సింగా, కరాటేనా?

చంపావతి_ఒడ్డు:
అందరికీ నమస్కారం. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ, క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్‌లో పని. బీ షిఫ్ట్ రాత్రి 10కి దిగుతుంది. బస్సు విజయనగరంలో మెయిన్ రోడ్డు మీద దింపేసరికి 11 దాటుతుంది. అక్కణ్ణించి ఇంటికి ఆరేడు వందల మీటర్ల నడక, సగం దారిలో వీధి లైట్లు లేవు. వయసు 24, బరువు 48 కిలోలు. స్కూల్లో కబడ్డీ తప్ప వేరే ఆట అలవాటు లేదు. వారానికి మూడు రోజులు, రోజుకో గంట కుదురుతుంది. కరాటే, తైక్వాండో, జూడో, బాక్సింగ్ నాలుగూ దగ్గర్లోనే నేర్పుతున్నారు. ఒకచోట "ఏడాదిలో బ్లాక్ బెల్ట్" అంటున్నారు. నాకు పోటీలు, మెడల్స్ అక్కర్లేదు. ఏది ఎంచుకోవాలి? ఎన్నాళ్లకి పనికొస్తుంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

గోదా_మట్టి:
అమ్మా, ముందు విద్య పేరు పక్కన పెట్టి క్లాసు చూడండి. చూడాల్సింది ఒక్కటే: జతగా నిలబడ్డ మనిషి నిజంగా ఎదురు తిరుగుతున్నాడా లేదా. మీరు చెయ్యి విడిపించుకుంటుంటే బిగిస్తున్నాడా, మర్యాదగా వదిలేస్తున్నాడా? వదిలేసే చేత్తో ఐదేళ్లు సాధన చేసినా చీకటి సందులో పట్టుకున్న చెయ్యి వదలదు.

డెమో ఉన్న రోజు వెళ్లకండి. వారం మధ్యలో మామూలు రోజు వెళ్లి, గోడవారన కూర్చుని, వాచీ చూసుకుంటూ లెక్కపెట్టండి. వార్మప్ పావుగంట పోతే 45 నిమిషాలు మిగులుతాయి. అందులో గాలిలో గుద్దులు, కటాలు (ఒంటరిగా వరసగా చేసే కదలికలు) ఎంతసేపు, ప్యాడ్ మీద ఎంతసేపు, ఎదురు తిరిగే మనిషితో ఎంతసేపు? చివరిది పావుగంట కూడా లేకపోతే అది వ్యాయామం క్లాసు. వ్యాయామంగా మంచిదే, మీ అవసరం వేరు. మీ వయసు ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురైనా ఉన్నారో లేదో కూడా చూసుకోండి. అందరూ పదేళ్ల పిల్లలైతే మీకు జత దొరకదు.

ఇక ఆటల సంగతి. ఏ ఆటలోనైనా రూలు ఒంటికి అలవాటుగా దిగిపోతుంది. తైక్వాండో పోటీల్లో ముఖం మీద గుద్దకూడదు, పట్టుకోకూడదు. అందుకే చేతులు కిందకి జారతాయి, మీదకి వచ్చి పట్టుకున్నవాడితో ఏం చెయ్యాలో తెలియదు. పాయింట్ల కరాటేలో దెబ్బని చర్మం దగ్గర ఆపడం నేర్పుతారు. ఆ ఆపడమే అలవాటవుతుంది. బాక్సింగ్‌లో కళ్లు మూసుకోకుండా దెబ్బని చూడడం, అడుగు వెయ్యడం, నిజంగా గట్టిగా కొట్టడం వస్తాయి. పట్టు మాత్రం ఉండదు. జూడోలో దెబ్బలుండవు గానీ చొక్కా, చెయ్యి, నడుము పట్టుకుని లాగే మనిషితో రోజూ పెనుగులాడాలి. పడిపోయినా ఎముక విరక్కుండా పడడం వస్తుంది.

మీరు భయపడేది చెయ్యి పట్టుకు లాగడానికి, వెనకనించి పట్టేసుకోడానికి కదా. కాబట్టి నా మాట: మొదటి ఆరు నెలలు జూడో, ఆ తర్వాత వారంలో ఒక రోజు బాక్సింగ్‌కి మార్చండి. జూడో చెప్పే చోట సరైన జత లేకపోతే, స్పారింగ్ (ఎదుటి మనిషితో నిజంగా తలపడే సాధన) బాగా చేయించే బాక్సింగ్‌కే వెళ్లండి. మంచి జూడో దొరకలేదని చెడ్డ జూడోలో చేరొద్దు.

కబడ్డీ ఆడానన్నారు, దాన్ని తక్కువగా చూడకండి. నడుం పట్టుకున్నా, చీలమండ పట్టుకున్నా తిరిగి, జారి, గీత దాకా ఈడ్చుకుపోవడం కబడ్డీ రైడర్‌కి వచ్చిన విద్య. పట్టినవాళ్లు ఎంత బలంగా ఆపుతారో మీకు తెలుసు. నేను మొదట్నించీ చెబుతున్న "ఎదురు తిరిగే మనిషి" అదే.

చేరేముందు నేల చూడండి. విసిరే సాధనకి సుమారు 4 సెంటీమీటర్ల మందం, గట్టిగా ఒత్తిన మ్యాట్ కావాలి. తైక్వాండో వాళ్లు పరిచే పల్చటి ఫోమ్ ముక్కలు పాదాలకే సరి, నడుముకి చాలవు. సిమెంటు మీద విసరడం నేర్పే చోటికి అసలు వెళ్లకండి.

పడడం ఇలా వస్తుంది. మొదట వెల్లకిలా పడుకుని, తర్వాత కూర్చుని, గొంతుక్కూర్చుని, ఆఖర్న నిలబడి. గడ్డం ఛాతీకి అంటాలి, కళ్లు బెల్టు ముడిని చూడాలి. లేకపోతే తల వెనక భాగం నేలకి కొట్టుకుంటుంది. ఒంటికి అటూ ఇటూ చేతులు ఏటవాలుగా, అరచేతులు కిందకి పెట్టి నేలని చరచాలి, ఊపిరి వదిలెయ్యాలి. అందరూ చేసే తప్పు ఏంటంటే పడేటప్పుడు చెయ్యి నిటారుగా వెనక్కి చాపడం. బరువంతా మణికట్టు మీదో మోచేతి మీదో పడి ఎముక విరుగుతుంది. ఈ ఒక్క అలవాటు పోవడానికి నెల పట్టినా తొందరపడకండి. స్కూటీ మీంచి పడ్డా ఇదే కాపాడుతుంది.

రెండో నెల నుంచి పట్టు, బ్యాలెన్స్. మూడు నాలుగు నెలలకి మీకంటే పది కిలోలు ఎక్కువున్న మనిషి లాగినా కాళ్ల మీద నిలబడగలగాలి. ఆరు నెలలకీ అది రాలేదంటే క్లాసులో లోపం ఉంది. ఏడాదిలో బ్లాక్ బెల్ట్ అని ముందే మాటిచ్చే చోట బెల్టు పరీక్ష ఫీజులు ఎన్నిసార్లు కట్టాలో అడిగి తెలుసుకోండి.

మణికట్టు:
గోదా అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. చేతి పట్టు విడిపించుకోవడం మాత్రం క్లాసు దొరికేదాకా ఇంట్లో కూడా చెయ్యొచ్చు. తమ్ముడో అక్కో ఉంటే చాలు.

ఒక చెయ్యి పట్టుకుంటే: పట్టినవాడి బొటనవేలు మిగతా వేళ్ల కొనలతో కలిసే చోట సందు ఉంటుంది. పట్టులో బలహీనమైన చోటు అదే. మన మణికట్టు ఒకవైపు వెడల్పు, ఒకవైపు సన్నం. సన్నటి అంచుని ఆ సందులోకి తిప్పాలి. వెనక్కి లాక్కోకుండా వాడివైపు ఒక అడుగు వేసి, మన మోచేతిని వాడి మోచేతి మీదకి తోస్తే చెయ్యి సందులోంచి ఊడి వస్తుంది. పోయేదెక్కడంటే, భయంతో అందరూ చెయ్యి చాపి వెనక్కి గుంజుతారు. అప్పుడు మన 48 కిలోలు వాడి బరువుతో తలపడతాయి, గెలవవు.

వాడు రెండు చేతులతో మన ఒక చెయ్యి పట్టుకుంటే: మిగిలిన చేతిని వాడి రెండు చేతుల మధ్యలోంచి దింపి, మన పిడికిలిని మనమే పట్టుకుని, నడుము తిప్పుతూ ఎదుటి భుజం వైపు పైకి లాగాలి. భుజాలతో లాగితే చాలదు, మోకాళ్లు వంచి కాళ్ల బలంతో లేవాలి.

జడ వెనకనించి పట్టుకుంటే దూరంగా పరుగెత్తకండి, మెడ వెనక్కి వంగి పడిపోతారు. రెండు అరచేతులతో వాడి చేతిని మన తలకే అదిమిపట్టాలి. జుట్టు లాగుడు తగ్గుతుంది. అలాగే పట్టుకుని గడ్డం దించి వాడివైపు తిరిగి, ముంగాలి ఎముక మీద, మోకాలి మీద తన్నాలి. ఒక్క తన్నుతో ఆగకండి, చెయ్యి వదిలేదాకా. నడిచే దారిలో జడ కంటే ముడి మేలు. చున్నీని పిన్ను పెట్టి మెడ చుట్టూ బిగించకండి, లాగితే ఊడొచ్చేలా వదులుగా ఉంచండి. కంపెనీ ఐడీ కార్డు తాడు కూడా అంతే. లాగితే వెనక విడిపోయే క్లిప్పున్నవి దొరుకుతాయి. లేదా బస్సు దిగగానే తీసి బ్యాగులో పెట్టుకోండి.

కొట్టాల్సి వస్తే పిడికిలి వద్దు. గ్లవ్ లేకుండా పిడికిలితో తలమీద కొడితే చిటికెన వేలి వెనకున్న అరచేతి ఎముక తరచూ విరుగుతుంది. బాక్సర్లు చేతికి నాలుగున్నర మీటర్ల బట్ట చుట్టి, ఆపైన గ్లవ్ తొడిగేది అందుకే. అరచేతి మడమతో గడ్డం కిందనించి, ముక్కు మీద కొట్టండి. మరీ దగ్గరైతే మోచెయ్యి, మోకాలు. కాళ్ల మధ్య తన్నితే అయిపోతుందని నమ్మకండి. ప్యాంటు అడ్డమొస్తుంది, వాడు తొడలు దగ్గర చేసుకుంటాడు. అది తగిలినా తగలకపోయినా తర్వాతి దెబ్బ సిద్ధంగా ఉండాలి.

కింద పడితే లేచే పద్ధతి వేరు. బోర్లా తిరిగి లేవకూడదు, వీపు వాడికి దొరుకుతుంది. కుడి అరచెయ్యి వెనక నేలమీద, ఎడమ పాదం ముందు నేలమీద, ఎడమ చెయ్యి ముఖానికి అడ్డం. ఈ రెండు ఆధారాల మీద నడుము పైకెత్తి, కుడి కాలిని ఒంటి కిందనించి వెనక్కి లాగి నిలబడాలి. కళ్లు వాడి మీదనించి తిప్పొద్దు. రోజుకి అటు పది, ఇటు పది చేస్తే నెలకి ఒంటికి ఎక్కుతుంది.

చంపావతి_ఒడ్డు:
చాలా థాంక్స్ అన్నా, అక్కా. రాత్రి తమ్ముడితో చేసి చూశాం, బొటనవేలి సందు కిటుకు వెంటనే అర్థమైంది. అరచేత్తో దిండు మీద కొడితే మాత్రం మణికట్టు నొప్పెడుతోంది. ఇంకో సందేహం, మా మావయ్య కర్రసాము నేర్చుకోమంటున్నారు. ఊరి పండక్కి తాలింఖానా (కర్రసాము ప్రదర్శన) చేసే బృందంలో తెలిసినవాళ్లున్నారట.

వీరఘట్టం_గాలి:
కర్రసాము ఒగ్గేయమని ఎవరైనా అంటే వినకండి, కానీ అదేటి ఇస్తాదో ఏటి ఇవ్వదో తెలుసుకుని చేరండి. మల్లయోధుడు కోడి రామమూర్తినాయుడుగారు పుట్టిన నేల ఇది, శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే. సాము, కుస్తీ మనకి కొత్త కాదు.

కర్ర తిప్పితే మణికట్టు, ముంజెయ్యి, భుజం గట్టిపడతాయి. అడుగు మార్చడం, ఎంత దూరంలో దెబ్బ తగులుతాదో కొలుచుకోవడం వస్తాయి. దూరం కొలవడం వచ్చినోళ్లకి ఏ ఆటైనా సులువు. అయితే పండగ తాలింఖానాలో ఎక్కువ భాగం చూపు కోసం చేసే వరసలు. గురువుని అడగండి, ఎదురుగా ఇంకొకరు కర్రతో నిజంగా కొడతారా, ముఖానికి కాపు పెట్టి చేయిస్తారా అని. అవునంటే మంచి సాధనే. లేదంటే ఒంటికి మంచిది, అంతవరకే.

చెవిదాకా వచ్చే కర్ర పట్టుకుని మీరు డ్యూటీకి ఎలాగూ వెళ్లరు. సందులో తిప్పడానికి చోటూ ఉండదు. చేతిలో ఉండేది గొడుగు. పొడుగు గొడుగైతే రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని ములుకుతో పొట్టలోకి, ఛాతీలోకి పొడవాలి. ఊపి కొట్టకండి. ఊపితే మెల్లగా వస్తాది, వాడు పట్టేసుకుంటాడు. పొడిస్తే పట్టుకోవడం కష్టం, వాడు దూరం జరుగుతాడు. ఆ దూరం దొరికాక ఇంక కొట్టొద్దు, పరిగెత్తండి.

పరుగు గురించి ఎవరూ చెప్పలేదు. వారంలో రెండు రోజులు 40 మీటర్లు గట్టిగా ఆరుసార్లు ఉరకండి, వెనక్కి నడిచి రండి. డ్యూటీకి వేసుకునే చెప్పులతోనే ఒకసారి చేసి చూడండి, జారిపోతే చెప్పులు మార్చండి. రెండు బిందెల నీళ్లు చేతులకి దించుకుని ముప్పై అడుగులు నడవడం, పుష్‌అప్‌లు మొదట గోడ మీద, తర్వాత మంచం అంచు మీద, తర్వాత నేల మీద. బలం లేకపోతే కిటుకు సగమే పనిచేస్తాది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఆడపిల్లలు వెయిట్‌లిఫ్టింగ్ ఎలా చేస్తున్నారో చూస్తే బరువులెత్తడానికి భయం పోతాది.

గీత_దాటొద్దు:
చట్టం వైపు నాలుగు మాటలు. 2024 జులై 1 నుంచి ఐపీసీ (పాత శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది. 37వ సెక్షన్ ప్రకారం కాపాడుకోడానికి అవసరమైనంత మేరకే దెబ్బ ఉండాలి. 38వ సెక్షన్‌లో అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి లాంటి ఉద్దేశాలతో మీదకొచ్చినప్పుడు ఎదుటివాడి ప్రాణం పోయినా హక్కు పరిధిలోకి వచ్చే సందర్భాలు ఉన్నాయి. ఆచరణలో దీని అర్థం: వాడు పట్టు వదిలి పారిపోతుంటే వెంటపడి కొట్టొద్దు, పడిపోయినవాణ్ణి తన్నొద్దు. అక్కడితో మీ హక్కు ఆగిపోతుంది.

కత్తి చూపించి బ్యాగు అడిగితే బ్యాగు పక్కకి విసిరి రెండోవైపు పరుగెత్తండి. కత్తి లాక్కోవడం ఆరు నెలల్లో వచ్చేది కాదు. వస్తుందని చెప్పే క్లాసుని నమ్మొద్దు. పెప్పర్ స్ప్రే బ్యాగు అడుగున ఉంటే లేనట్టే. నడిచే ఆ పది నిమిషాలు చేతిలో ఉండాలి, ఎక్స్‌పైరీ తేదీ చూసుకోవాలి. గాలి మీవైపు వీస్తున్నప్పుడూ ఆటో లోపలా కొడితే మీ కళ్లే మండుతాయి.

ఏదైనా జరిగితే 112. మహిళల హెల్ప్‌లైన్ 181. దెబ్బలు తగిలితే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి మెడికో లీగల్ కేసుగా (పోలీసు కేసుకి పనికొచ్చే రికార్డుగా) రాయించండి, ఫొటోలు తీసుకోండి. మీ పని శ్రీకాకుళం జిల్లాలో, ఇల్లు విజయనగరం జిల్లాలో. "మా స్టేషన్ పరిధి కాదు" అని తిప్పి పంపడానికి వీల్లేదు. బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఇవన్నీ కాకముందే చెయ్యదగ్గ పని ఒకటుంది. బీ షిఫ్ట్‌లో మీ వైపు దిగే ఆడవాళ్లంతా సంతకాలు పెట్టి, బస్సు లోపలి వీధి మొగదాకా రావాలని హెచ్‌ఆర్‌కి కాగితం ఇవ్వండి.

మణికట్టు:
చెల్లీ, నొప్పి సంగతి. దిండు మెత్తగా లోపలికి పోతుంది, దానితోపాటు మణికట్టు వెనక్కి ఎక్కువ వంగుతోంది. వేళ్లు కొంచెం ముడిచి, తగిలే చోటు అరచేతి అడుగున, చిటికెన వేలి వైపు ఉండేలా చూసుకోండి. మోచెయ్యి పూర్తిగా చాపకముందే తగలాలి. దిండు బదులు పాత దుప్పటి గట్టిగా చుట్టి గోడకి ఆనించి, సగం బలంతో ఇరవై చొప్పున రెండు చేతులా చెయ్యండి. రెండు రోజులకీ నొప్పి తగ్గకపోతే వారం ఆపండి.

చంపావతి_ఒడ్డు:
హెచ్‌ఆర్‌కి కాగితం రేపే రాస్తున్నాం, ఏడుగురం ఉన్నాం. బుధవారం జూడో క్లాసుకి వెళ్లి కూర్చుని లెక్కపెడతాను. ఒకవేళ ఆ రోజే దిగమంటే ఏం వేసుకెళ్లాలి?

గోదా_మట్టి:
జిప్పులు, జేబులు లేని ట్రాక్ ప్యాంటు, మందపాటి ఫుల్ హ్యాండ్స్ టీషర్టు. తెల్ల డ్రెస్సు నెల తర్వాత కొనొచ్చు. వేలిగోళ్లు, కాలిగోళ్లు కత్తిరించుకోండి, జత మనిషికి గీరుకుంటే చర్మం పుండు పడుతుంది. గాజులు, ఉంగరం, చెవిదుద్దులు, పట్టీలు తీసెయ్యండి. ముక్కుపుడక రాకపోతే పైన ప్లాస్టర్ వెయ్యండి. జుట్టుకి క్లిప్పులు కాకుండా రబ్బరు బ్యాండు. మ్యాట్ దిగి బాత్రూంకి వెళ్లడానికి చెప్పులు వేరే పట్టుకెళ్లండి, ఒట్టి కాళ్లతో బాత్రూంకి వెళ్లొచ్చి మ్యాట్ ఎక్కితే తామర అంటుకోవచ్చు. మొదటి రోజు ఎవరైనా మిమ్మల్ని విసరబోతే "నాకింకా పడడం రాదు" అని చెప్పండి. మంచి కోచ్ అయితే ఆ మాటకి మిమ్మల్ని పక్కకి తీసుకెళ్లి, వెల్లకిలా పడుకోబెట్టి మొదలుపెడతాడు.