సమస్యాపూరణం: చందనము లేక పూసెను చందనంబు

సంచాలకులు: తూర్పు కనుమల దక్షిణ భాగంలోని కొండలకే పరిమితమైన ఎర్రచందనం, 1995 నుంచి, అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒడంబడిక రెండవ అనుబంధంలో ఉన్నా, గొడ్డలి పాలవుతూనే ఉంది. ఆ చెట్టును శ్రీకాళహస్తి కలంకారీలో సహజవర్ణాలతో చిత్రించే సందర్భానికి అన్వయిస్తూ ఈ తేటగీతి పాదాన్ని పూరించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

మొదటి పూరణ (సభ్యురాలు):

ఇనుము బెల్లము నూరగా నెదిగె మాను
పటిక పూసిన చోటెల్ల పండె నెఱుపు
కరకపూవుల పసిమితో గలము సాగ
చందనము లేక పూసెను చందనంబు

రెండవ పూరణ (సభ్యుడు):

రాలి పడియున్న చెక్కల రంగు దీసి
గుడ్డపై నద్ద నెఱ్ఱని కొమ్మ విరిసె
చెట్టు నరుకక చిత్రించు శిల్పి చేత
చందనము లేక పూసెను చందనంబు

సంచాలకులు: మొదటి పద్యంలో నలుపు, ఎరుపు, పసుపు పని జరిగే వరుసలోనే రావడం నాకెంతో నచ్చింది. ఈ చెట్టు పూలు పసుపువే కాబట్టి సమస్యాపాదంలోని ‘పూసెను’ అనే మాటకు మూడవ పాదం చక్కగా దారి వేసింది. అయితే కరక్కాయ రసం, పాలు కలిపి గుడ్డను ముందే నానబెట్టకపోతే ఇనుము, బెల్లం ఊరిన కసిం గీత నల్లబడదు. కరక్కాయలోని వగరుతో ఇనుము కలిసినప్పుడే, కలం నుంచి లేతగా జారిన గీత కళ్లముందే నల్లగా తిరుగుతుంది. ఆ మొదటి మెట్టు పద్యంలో లేకపోవడం కొరతే.

రెండవ పద్యంలో గణయతులు సరిపోయాయి కానీ అన్వయం కుదరలేదు. రాలిన చెక్క కూడా చందనమే గదా, ఇక ‘లేక’ అనడం ఎలా పొసగుతుంది? పైగా ఈ చెట్టులో ఎరుపు ఉండేది చేవలోనే, అంటే మాను నడిమి గట్టి కర్రలోనే. రాలిన సన్నని కొమ్మల్లో అది దొరకదు. అంతరించిపోతున్న చెట్టు బొమ్మకు ఆ చెట్టు చేవనే రంగుగా వాడడం నాకు ససేమిరా సమ్మతం కాదు. దానికి బదులు ఎర్ర రంగునిచ్చే చిరివేరు అనే మొక్క వేరుతో, మొదటి రెండు పాదాలకు ఈ సవరణను పరిశీలించండి:

చేవ నటులుంచి చిరివేరు చేర్చి కాచి
గుడ్డ దీయగ నెఱ్ఱని కొమ్మ విరిసె

సభ్యుడు: సవరణను స్వీకరిస్తున్నాను. పటిక అద్దిన చోట మాత్రమే చిరివేరు ఎరుపు పట్టుకుంటుందన్న సంగతిని మరో పద్యంలో చెప్పే ప్రయత్నం చేస్తాను.