26 మెయిళ్లు పెట్టాను, ఒక్క గైడ్ కూడా పలకలేదు

ప్రశ్న:
ఎమ్మెస్సీ బోటనీ అయింది, జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) కూడా ఉంది. మాది అనంతపురం వైపు, వేరుశెనగ చేలే. వేరుశెనగకొచ్చే తిక్క ఆకుమచ్చ తెగులు మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. నా మెయిల్ ఇలా మొదలవుతుంది: ‘రెస్పెక్టెడ్ సర్/మేడమ్, మీ ఎస్టీమ్డ్ గైడెన్స్‌లో పనిచేసే అవకాశం ఇవ్వాలని ప్రార్థన...’ 26 మందికి ఇదే పంపాను. తప్పెక్కడుంది?

జవాబు 1:
జేఆర్‌ఎఫ్ ఉన్న సంగతి సబ్జెక్ట్ లైన్లోనే రాయి బ్రో. ఫెలోషిప్ చేతిలో ఉందంటే మెయిల్ తెరుస్తారు.

జవాబు 2:
తమ్ముడూ, ఆ ‘సర్/మేడమ్’ మధ్య గీత చూడగానే తెలిసిపోతుంది, అందరికీ ఒకటే పంపావని. నేనూ ఆ పని చేసినదాన్నే. పైన ఒక సార్ పేరు, మూడో పేరాలో ఇంకో సార్ పేరు! ఆయన మర్యాదగా ‘మీ మెయిల్ ఆయనకు ఫార్వర్డ్ చేశాను’ అని జవాబిచ్చారు. రెండు రోజులు మెయిల్ తెరవలేదు నేను.

ప్రార్థనలు తీసెయ్. నువ్వు రాసే గైడ్ ఈమధ్య ప్రచురించిన పేపర్ ఒకటి పూర్తిగా చదువు, అందులో నీకు తట్టిన ప్రశ్న ఒక్కటి రాయి. నీకైతే చేనే ఉందిగా! ముందొచ్చే మచ్చకు చుట్టూ పసుపు వలయం ఉంటుంది, ఆలస్యంగా వచ్చేది ఆకు అడుగున నల్లగా ఉంటుంది. మీ పొలంలో ఏది ఎప్పుడు చూశావో రెండు వాక్యాలు రాస్తే చాలు, నీ మార్కుల జాబితా కన్నా అదే పనిచేస్తుంది. ‘నన్ను తీసుకోండి’ అనకు, ‘ఈ ఏడాది ఖాళీ ఉందా’ అని అడుగు. సీటు రావాలంటే ఎలాగూ ఇంటర్వ్యూ దాటాలి కదా.

ఇంకోటి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి పీహెచ్‌డీ చేసేవాళ్లు 8 మందికి మించకూడదు, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4. రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. ముందు అది చూసుకో.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, ఇప్పుడే చూశా. ఇద్దరు వచ్చే ఏడాదే రిటైరవుతున్నారు! ఒక మేడమ్ పేపర్ చదివి 12 లైన్లలో కొత్త మెయిల్ రాశా. రాత్రికి పంపేస్తా.

జవాబు 2:
రాత్రి వద్దు, పొద్దున తొమ్మిదికి షెడ్యూల్ పెట్టు. సీవీ ఫైల్‌కి నీ పేరు పెట్టు, ‘ఫైనల్ ఫైనల్ 2’ అని కాదు. పంపేముందు మేడమ్ పేరు మాత్రం ఇంకోసారి చూసుకో.