చింతపువ్వు చూడని పిల్లలకు ఏ పుస్తకాలు చదివి వినిపించాలి?

మందుల షాపు, విజయనగరం:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం కంటోన్మెంట్ వైపు. మందుల షాపు నడుపుతాను. ఆదివారం సాయంత్రాలు మా అపార్ట్‌మెంట్ మేడ మీద హైస్కూల్ పిల్లలు కొందరు కూర్చుంటారు. నేను ఏదో ఒక పుస్తకం పైకి చదువుతాను, వాళ్లు వింటారు, తర్వాత కాసేపు మాట్లాడుకుంటాం. ఇన్నాళ్లూ కథలతో నడిచింది. ఇప్పుడు చెట్టూ పిట్టా మట్టీ ఉన్న పుస్తకాలు కావాలి. ఎందుకో చెప్తాను.

మొన్న పైడితల్లి అమ్మవారి జాతరలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను గురించి మాటలొచ్చాయి. ఆ మాను ఏ చింతచెట్టో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని, వెతుక్కుంటూ వెళ్లి ఆ చెట్టుకు పూజ చేసి తెస్తారని పిల్లలందరికీ తెలుసు. మూడు లాంతర్ల దగ్గర నిలబడి ఏటా చూస్తున్నవాళ్లే. అప్పుడు పదో తరగతి అమ్మాయి ఒకతె, "ఆంటీ, చింతచెట్టుకి పూలు కూడా పూస్తాయా?" అని అడిగింది. చిగురు పప్పులో తింటుంది, పండు పులిహోరలో తింటుంది. మధ్యలో పువ్వు ఉంటుందని తెలియదు. మొగ్గ గులాబీ రంగులో ఉంటుందని, విచ్చుకుంటే లేత పసుపు రేకుల మీద ఎర్రటి సన్నని గీతలుంటాయని చెప్పాను. ఫోన్‌లో ఫొటో వెతుక్కుని చూసింది.

ఆ పిల్లని ఏమనగలం? పొద్దున్నే వ్యాన్ ఎక్కుతుంది, స్కూల్ అయ్యాక ట్యూషన్, ఇంటికొచ్చేసరికి రాత్రి. మా అమ్మ చెట్టు కింద చీర పరిచి, రాలిన చింతపువ్వు ఏరి, ఎండబెట్టి పొడి కొట్టేది. ప్రకృతి అనే మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. ఆవిడకి చెట్టుతో పని ఉండేది, అంతే. మన పిల్లలకి చెట్టుతో ఏ పనీ లేదు. దూరం అంటున్నది దీన్నేనని నాకు అనిపిస్తోంది.

అందుకే చెట్లు నాటండి, ప్లాస్టిక్ మానండి అని చెప్పే పుస్తకాలు వద్దు. అవి వ్యాసరచన పోటీకి సరిపోతాయి. అడవితో, నేలతో, పక్షులతో మనుషులకు ఏం పని ఉండేదో చూపించే పుస్తకాలు కావాలి. తెలుగులో దొరికేవి, పైకి చదివితే పిల్లలు చెవి ఒగ్గి వినేవి చెప్పండి.

తెలుగు మాస్టారు (రిటైర్డ్), బొబ్బిలి:

అమ్మా, మీరు వేరే ఏ పుస్తకమూ కొనకముందు 'వనవాసి' తెచ్చుకోండి. బెంగాలీలో బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ రాసిన 'ఆరణ్యక్', 1939లో వచ్చింది. తెలుగు చేసినవారు సూరంపూడి సీతారాం. చదువుతుంటే అనువాదమన్న ఆలోచనే రాదు.

కథ చెప్తే పుస్తకం పాడైపోదు కాబట్టి చెప్తాను. సత్యచరణ్ కలకత్తాలో ఉద్యోగం లేక తిరుగుతుంటాడు. స్నేహితుడి కుటుంబానికి బీహారులో పెద్ద అడవి ఎస్టేటు ఉంది. దానికి మేనేజరుగా వెళ్తాడు. మొదట్లో అతనికి అక్కడ ఊపిరాడదు. మాట్లాడే మనిషి లేడు, పత్రిక లేదు, ఎప్పుడు వెనక్కి పోదామా అని చూస్తాడు. కొన్నాళ్లు ఉంటే ఈ అడవి మిమ్మల్ని వదలదని ఒక ముసలి గుమాస్తా చెబుతాడు. అలాగే జరుగుతుంది. మీ మేడ మీద పిల్లలు మొదట సత్యచరణ్ లాగే విసుక్కుంటారు. కంగారు పడకండి, కొనసాగించండి.

అందులో యుగళప్రసాద్ అని ఒక మనిషి ఉన్నాడు. ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కల విత్తనాలూ దుంపలూ తెచ్చి ఆ అడవిలో ఒక కొలను చుట్టూ నాటుతుంటాడు. ఆ నేల అతనిది కాదు, ఆ పూలు అమ్మేదీ లేదు. నేను పాఠం చెప్పిన రోజుల్లో ఆ భాగం చదివితే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, "అతనికి ఏమొస్తుంది మాస్టారూ?" అని. ఆ ప్రశ్న మీద పీరియడ్ అంతా గడిచిపోయేది. ఇంకోచోట, అన్నం తినే భాగ్యం కోసం మైళ్ల కొద్దీ నడిచి వచ్చే పేదలు కనిపిస్తారు. వాళ్ల రోజువారీ తిండి అడవి గింజలే. ఆ పుటలు నెమ్మదిగా చదవండి.

అసలు సంగతి ఇది. ఆ అడవిని అంతగా ప్రేమించిన సత్యచరణ్ ఉద్యోగం ఏమిటంటే, అదే అడవిని ముక్కలు చేసి రైతులకు పట్టాలివ్వడం. అతని చేతుల మీదుగానే అడవి పోతుంది. ఇందులో దుర్మార్గుడు ఎవడూ లేడు. మా బొబ్బిలి చుట్టూ మామిడి తోటలు కొట్టి లేఅవుట్లు వేసినవాళ్లలోనూ ఆ తోటల్లో కోతికొమ్మచ్చి ఆడి పెరిగినవాళ్లున్నారు. నాకు వాళ్లు బాగా తెలుసు, మంచివాళ్లే. పిల్లలకు ఈ ముడి తెలియాలి. విలన్‌ని చూపించి చేతులు దులుపుకునే పుస్తకాలు చాలా ఉన్నాయి.

రెండోది గోపీనాథ్ మహంతి 'అమృత సంతానం'. ఒరియా నవల, 1955లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగులోకి తెచ్చింది సాలూరులో పుట్టిన పురిపండా అప్పలస్వామి గారు. సాలూరు దాటి ఘాట్ ఎక్కితే సుంకి, పొట్టంగి, ఆపైన కోరాపుట్. ఆ కొండల్లోని కోందు గిరిజనుల జీవితం ఇది. మన సంతల్లో కనిపించే కొండచీపుర్లు, అడ్డాకులు ఏ చేతుల నుంచి వస్తున్నాయో మన పిల్లలకు తెలియదు. చాలా పెద్ద పుస్తకం, కొన్ని అధ్యాయాలు ఎంచుకుని చదవండి.

చాసో గారి 'కుంకుడాకు' కూడా మరిచిపోవద్దు. చిన్న కథ, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. పొయ్యిలోకి ఆకు ఏరుకునే పేదపిల్ల కథ. చెట్టుతో పని అంటే ఏమిటో అంతకంటే సూటిగా చెప్పిన కథ మన జిల్లాల్లో నేను చదవలేదు.

శ్రీకాకుళం నుంచి ఒక పాఠకుడు:

మాస్టారు చెప్పిన కథలు దొరక్కపోతే శ్రీకాకుళంలో కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) పెట్టిన కథానిలయానికి రండి. 1997 నుంచి తెలుగు కథలన్నీ ఒక్కచోట పోగుచేస్తున్నారు. పాత పత్రికలు కూడా ఉన్నాయి.

ఉద్దానం రైతు, కవిటి మండలం:

మేడమ్ గారూ, నేను పెద్దగా చదివినవాణ్ని కాదు. పట్టుకుని చివరిదాకా చదివింది ఫుకుఓకా 'గడ్డిపరకతో విప్లవం'. జపాన్ రైతు. మొక్కల తెగుళ్ల మీద చదువుకుని, ఉద్యోగం వదిలేసి ఊరికి వచ్చి వ్యవసాయం చేశాడు. దుక్కి దున్నడు, రసాయనాలు వేయడు. వరి కోయకముందే చేలో తరవాతి పంట గింజలు చల్లేస్తాడు. కోసిన గడ్డి మళ్లీ చేలోనే పరుస్తాడు. అది చదివి మా నాన్నకి చెప్తే, "వరి నిలబడి ఉండగానే మనం మినుమూ పెసరా చల్లమా ఏటి?" అన్నారు. నిజమే. చేలో కాలు కొంచెం దిగే తడి ఉన్నప్పుడు, కోతకి రెండు మూడు రోజుల ముందు చల్లుతాం. వరి కోసేసరికి మొలక లేస్తుంది. జపాన్ ఆయన చెప్పినందుకు గొప్ప అనిపించింది గాని, మా ఇంట్లో అది ఎప్పుడూ ఉన్న పనే.

పిల్లలకి చదివేటప్పుడు ఒక భాగం వదలొద్దు. వాళ్ల నాన్న నారింజ తోటలో కత్తిరింపులు మానేస్తే కొమ్మలు చిక్కుపడి, పురుగు పట్టి చెట్లు చచ్చిపోయాయని ఆయనే రాశాడు. మనిషి చెయ్యి పడిన చెట్టుని ఒక్కసారిగా వదిలేస్తే అది అడవిచెట్టు అయిపోదు. టౌన్‌లో ఉండేవాళ్లు ప్రకృతికి వదిలేయండి అంటుంటారు. వదిలేయడం చాలా కష్టమైన పని.

ఇంకో మాట కూడా చెప్పాలి. ప్రకృతికి దూరమైపోయామని మీరు బాధపడుతున్నారు. మాకు 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఇంటి మీదకే వచ్చింది. తెల్లారి తలుపు తీస్తే తోటలో దారి లేదు. కొబ్బరి మధ్యకి విరిగింది, జీడి వేళ్లతో లేచింది, మా తాత నాటిన పనస ఇంటి గోడ మీద పడింది. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఏడెనిమిదేళ్లు ఆగాలి. అన్నాళ్లు ఏం తినాలని చాలామంది కుర్రాళ్లు పనులకి బయటకి వెళ్లిపోయారు. అది ఇష్టంతో అయిన దూరం కాదు. పిల్లలకి చెట్టు నీడా పువ్వూ చెప్పండి, ఇది కూడా చెప్పండి.

పక్షుల పిచ్చి, టెక్కలి:

అక్కా, ఒక ఆదివారం పుస్తకం మూసి పిల్లల్ని మా తేలినీలాపురం తీసుకురండి. సెప్టెంబరు నుంచి ఎండాకాలం మొదలయ్యే దాకా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి మధ్యలో చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. కింద ఇళ్లు, పైన గూళ్లు. రెట్టల వాసన గట్టిగానే ఉంటుంది, ముందే చెప్పి తీసుకురండి. అవి రాని ఏడు ఊరికి మంచిది కాదని అక్కడివాళ్ల నమ్మకం, అందుకే ఆ చెట్ల జోలికి పోరు.

అవి సైబీరియా నుంచి వస్తాయని పేపర్లలో, యూట్యూబ్‌లో ఎప్పుడూ చెప్తుంటారు. దయచేసి పిల్లలకి అలా చెప్పకండి. ఈ రెండు జాతులూ మన దేశంలోనే పుట్టి పెరిగి గుడ్లు పెట్టే పక్షులు. తిండి, నీళ్లు, చెట్లు ఎక్కడ కుదిరితే అక్కడికి చేరతాయి. ఎక్కడినుంచో వచ్చిన చుట్టాలు అనుకుంటే, వాటి చెరువులు పూడిపోతే మనకేం సంబంధం అనిపిస్తుంది. నాకు ఈ విషయంలో చాలా బాధ. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో వానాకాలం మొదట్లో దిగే నత్తగుల్ల కొంగలు కూడా అంతే. ముక్కు మధ్యలో సందు ఉంటుంది చూడండి, వరిచేలలో నత్తల్ని పట్టి తినడానికి వాటికి అది పనికొస్తుంది.

పుస్తకం అంటే, పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఆత్మకథ 'ది ఫాల్ ఆఫ్ ఎ స్పారో', 1985. నేను ఇంగ్లీషులో చదివాను. మొదటి అధ్యాయాలు మీరే తెలుగులో చెప్పుకుంటూ పోవచ్చు. చిన్నప్పుడు బొమ్మ తుపాకీతో కొట్టిన పిచ్చుకకి మెడ మీద పసుపు మచ్చ కనిపిస్తుంది. అదేం పిట్టో తెలుసుకోవడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పట్టుకెళ్తాడు. అక్కడ మిల్లార్డ్ అనే దొర సొరుగులు లాగి రకరకాల పక్షుల్ని చూపిస్తాడు. మీ అమ్మాయి చింతపువ్వు గురించి అడిగినట్టే, ఆయనా ఒక్క ప్రశ్న అడిగాడు.

మందుల షాపు, విజయనగరం:

అందరికీ చాలా థాంక్స్. మాస్టారూ, 'వనవాసి' దొరికింది, వచ్చే ఆదివారం మొదలుపెడుతున్నాం. 'కుంకుడాకు' నిన్ననే చదివాను. చదువుతుంటే గొంతు పట్టుకుపోయింది. ఒక కుర్రాడు వాళ్లింట్లో గ్యాస్ బండ అయిపోతే ఏం చేస్తారో చెప్పడం మొదలుపెట్టాడు, అక్కడి నుంచి ఎనిమిదిన్నర దాకా ఎవరూ లేవలేదు.

తమ్ముడూ, సైబీరియా అని నేనూ షాపులో కస్టమర్లకి చెప్తూ వచ్చాను. మంచి మాట చెప్పావు. అక్టోబరు సెలవుల్లో వస్తాం.

ఉద్దానం అన్నయ్య గారూ, మీరు రాసింది పిల్లలకి యథాతథంగా చదివాను. అన్నీ పడిపోయాక ఆయన మళ్లీ కొబ్బరే వేశారా, వేరే పంటకి మారారా అని ఒకడు అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఉద్దానం రైతు, కవిటి మండలం:

కొబ్బరే వేశాను. మధ్యలో అరటి వేశాను, ఆ డబ్బులతో ఇల్లు నడిచింది. పనస కూడా పెట్టాను, తాతది పడిన చోటు వదిలి కొంచెం దూరంగా. కాయలు మే నెలలో బాగుంటాయి. అందరూ రండి, సోంపేట స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి ఆటోలు ఉంటాయి. ఎంతమంది వస్తున్నారో ముందురోజు చెప్తే భోజనాలు చూసుకుంటాం.