మెడనొప్పికి డ్రై నీడ్లింగ్ అంటున్నారు, చేయించుకోవచ్చా?

ప్రశ్న (సభ్యురాలు, మారతహళ్లి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. ఆఫీసులో రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. కొన్ని నెలలుగా మెడ కుడివైపు, భుజం మీద, రెక్క ఎముక లోపలి అంచు దగ్గర ఒకటే నొప్పి. మధ్యాహ్నం దాటితే అది మెడ వెనక నుంచి కణత దాకా పాకుతుంది. ఆర్థో డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముకల్లో ఏమీ లేదు, కండరాల నొప్పే అని ఫిజియోకి రాశారు. ఇంటి దగ్గర సెంటర్‌లో కరెంటు పెట్టారు, కాపడం పెట్టారు. ఆ పూటకి హాయిగానే ఉంటుంది. మర్నాడు అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పడి ఇల్లు చేరేసరికి మళ్ళీ మామూలే.

ఇప్పుడేమో డ్రై నీడ్లింగ్ చేద్దాం, ప్యాకేజీ తీసుకుని డబ్బు ముందే కట్టేస్తే తక్కువ పడుతుంది అంటున్నారు. నెల్లూరులో అమ్మకి చెబితే "మెడలో సూదులేంటే, నరానికి తగిలితే ఏం గతి" అని ఒకటే కంగారు. ఇది ఆక్యుపంక్చరేనా? సూదిలో మందు ఉంటుందా? నొప్పి ఎంత ఉంటుంది? అసలు పనిచేస్తుందా? ఒప్పుకునే ముందు వాళ్ళని ఏమేం అడగాలి? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

జవాబు (క్యాబ్ డ్రైవర్, కేఆర్ పురం)

అక్కా, నాది అనంతపురం సైడు. నాకు పిరుదు దగ్గర మొదలై కాలు పక్క నుంచి కిందికి గుంజుతుండేది. అందరూ సయాటికా అన్నారు. ఒక ఫిజియో సార్ పడుకోబెట్టి పిరుదులో ఒకచోట వేలితో నొక్కితే సరిగ్గా అదే నొప్పి కాల్లోకి దిగింది. అక్కడే సూది పెట్టినాడు. గుచ్చింది తెలియలేదు గానీ లోపల కండ ఒక్కసారి ఎగిరిపడింది, ప్రాణం జివ్వుమంది. ఆ రాత్రంతా దెబ్బ తగిలినట్టు సలుపు, రెండో రోజుకి పోయింది. నాకైతే గుణం కనిపించింది. అయితే ఆయన చెప్పిన వ్యాయామాలు ఇప్పటికీ చేస్తున్నా, ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య బండి దిగి నాలుగడుగులు వేస్తున్నా. ఏది పనిచేసిందో విడదీసి చెప్పలేను.

జవాబు (ఫిజియోథెరపిస్టు, జయనగర)

నమస్తే అండి. మాది కర్నూలు, ఇక్కడే ప్రాక్టీసు చేస్తున్నాను. డ్రై నీడ్లింగ్ నేనూ చేస్తాను, అయినా మీరు వెంటనే చేయించుకోండి అని చెప్పను. కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

సూదిలో మందు ఉండదు. ఇంజెక్షన్ సూదికి మధ్యలో బోలు ఉంటుంది, దీనికి ఉండదు. మందం సుమారు పావు మిల్లీమీటరు, అంటే మామూలు ఇంజెక్షన్ సూదిలో సగం కూడా ఉండదు. ఆక్యుపంక్చర్‌లో వాడే సూది ఇలాంటిదే, ఆలోచన మాత్రం వేరు. వాళ్ళు చైనా వైద్యం చెప్పే శక్తి మార్గాలను బట్టి బిందువులు ఎంచుకుంటారు. మేము శరీర నిర్మాణ శాస్త్రాన్ని బట్టి కండరంలో బిగుసుకుని తీగలా తగిలే చోటు వెతుకుతాం. దాన్ని ట్రిగర్ పాయింట్ అంటాం. జానెట్ ట్రావెల్ అనే అమెరికన్ డాక్టరు ఈ పాయింట్లను, వాటి నుంచి నొప్పి ఎటు పాకుతుందో ఆ దారులను ఓపిగ్గా గుర్తించి చిత్రాలుగా గీయించారు. కెన్నెడీ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఆయనకు వైద్యురాలు కూడా ఆవిడే. అప్పట్లో ఆ పాయింట్లలోకి మత్తుమందు ఎక్కించేవారు. 1979లో చెక్ వైద్యుడు కారెల్ లెవిట్, ఉపశమనం మందు వల్లే కాదు, సూది గుచ్చడం వల్ల కూడా వస్తోందని రాశారు. ఈ పద్ధతి వ్యాపించడానికి ఆ వ్యాసం పెద్ద కారణం.

మీరు చెప్పిన లక్షణం, భుజం మీద మొదలై మెడ వెనక నుంచి కణతకు పాకడం, భుజం పైనుండే ట్రపీజియస్ కండరానికి బాగా సరిపోతుంది. అయితే ఒకే మనిషిని ఇద్దరు ఫిజియోలు వేర్వేరుగా పరీక్షిస్తే ట్రిగర్ పాయింట్ ఫలానా చోటే ఉందని ఇద్దరూ ఒప్పుకోవడం తక్కువ. ఆ ముడిలో అసలేం జరుగుతోందన్న దాని మీద కూడా శాస్త్రవేత్తల్లో వాదన నడుస్తూనే ఉంది. కాబట్టి "మీ కండరంలో ముడి ఉంది, సూదితో విప్పేస్తాను" అని ఎవరైనా ఖాయంగా చెబితే అంత నమ్మేయకండి.

పనిచేస్తుందా అంటే, మెడ, భుజం నొప్పుల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే ఏమీ చేయకపోవడం కన్నా, ఉత్తుత్తి సూది (గుచ్చినట్టు అనిపించేది మాత్రమే) కన్నా కొన్ని వారాలపాటు ఉపశమనం ఎక్కువ. చేత్తో చేసే చికిత్స, వ్యాయామం లాంటి మిగతా ఫిజియోథెరపీ పద్ధతుల కన్నా గొప్పదని మాత్రం తేలలేదు. దీర్ఘకాలం నిలుస్తుందనడానికి ఆధారాలు బలహీనం. సూది వద్దనుకుంటే మీకు పోయేదేమీ లేదు. చేయించుకుంటే నొప్పి తగ్గిన ఆ కొద్ది రోజుల్లో భుజాలకు బలం తెచ్చుకోవాలి. సూది పెట్టి, డబ్బు తీసుకుని, వ్యాయామం ఊసెత్తకుండా పంపించేసే చోటికి మాత్రం వెళ్ళొద్దు.

ఆ వ్యాయామం కూడా మెడను అటూ ఇటూ తిప్పడంతో సరిపోదు. డెన్మార్క్‌లో ట్రపీజియస్ నొప్పితో బాధపడే ఉద్యోగినుల మీద 2008లో వచ్చిన పరిశోధనలో, వారానికి 3 సార్లు, ఒక్కోసారి 20 నిమిషాలు డంబెల్స్‌తో మెడ, భుజాల వ్యాయామం చేసినవాళ్ళకి 10 వారాల్లో నొప్పి బాగా తగ్గింది. మీ ఫిజియోని "నాకు బరువులతో వ్యాయామం ఎప్పుడు మొదలుపెడతారు" అని అడగండి. సమాధానం బట్టి మనిషి అర్థమైపోతారు.

ఇక అమ్మగారి భయం సంగతి. నరానికి తగిలితే షాక్ కొట్టినట్టు జిల్లుమంటుంది, వెంటనే చెబితే సూది తీసేస్తారు, అంత సన్నని సూదితో శాశ్వత నష్టం చాలా అరుదు. నేను ఎక్కువ జాగ్రత్త పడేది ఊపిరితిత్తి విషయంలో. ఊపిరితిత్తి పైకొన కాలర్ ఎముక కన్నా పైదాకా వస్తుంది, అంటే మీకు నొప్పి ఉన్న కండరానికి లోపలి పక్కనే ఉంటుంది. సూది లోతుకి దిగితే దాని పొరకు రంధ్రం పడి గాలి ఛాతీలో చేరవచ్చు. అరుదే, కానీ జరిగిన సందర్భాలు ఉన్నాయి. అందుకే చెయ్యి తిరిగినవాళ్ళు భుజం మీది కండరాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టి పైకి లేపి, ఆ వేళ్ళ వైపే సూది పెడతారు. రెక్క ఎముక లోపలి అంచు దగ్గర, పక్కటెముకల మీద అయితే ఇంకా జాగ్రత్త కావాలి. నన్నడిగితే అక్కడ సూది కన్నా చేత్తో చేసే చికిత్సే మేలు.

వాళ్ళని అడగాల్సింది: చదివింది బీపీటీనా (ఫిజియోథెరపీ డిగ్రీ), ఎంపీటీనా (అందులోనే పీజీ), డ్రై నీడ్లింగ్ విడిగా ఎక్కడ నేర్చుకున్నారు, ఛాతీ భాగంలో ఎన్నాళ్ళుగా చేస్తున్నారు. ఒకట్రెండు రోజుల వర్క్‌షాప్ సర్టిఫికెట్‌తో భుజం మీద సూది పెట్టేవాళ్ళు ఉన్నారు, అందుకే మొహమాటపడకుండా అడగమంటున్నాను. సూది సీలు ప్యాకెట్ మీ కళ్ళ ముందే విప్పాలి, ఒకసారి వాడింది మళ్ళీ వాడకూడదు. వాడిన సూదుల్ని గుచ్చుకోని గట్టి తెల్ల డబ్బాలో వేయాలి, 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు చెప్పేది అదే. ఎన్ని పెట్టారో అన్నీ లెక్కపెట్టి తీయాలి. ముందుగా నష్టాలు చెప్పి మీ ఒప్పుదల తీసుకోవాలి.

ప్యాకేజీ వద్దే వద్దు. ఒక్కో సిట్టింగ్‌కి విడిగా కట్టండి. రెండు మూడు సిట్టింగుల్లో మెడ తిరగడంలోనో, పని చేసే సమయంలోనో తేడా కనిపించకపోతే ఆపేయడమే మంచిది. ముందే డబ్బు కట్టినవాళ్ళు ఆపలేరు. ఖర్చు భారమైతే జయనగరలో సంజయ్ గాంధీ ట్రామా, ఆర్థోపెడిక్స్ సంస్థ లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ విభాగాలు ఉన్నాయి, అక్కడ చూపించుకోవచ్చు.

ప్రశ్న (సభ్యుడు, ఎలక్ట్రానిక్ సిటీ)

మధ్యలో వస్తున్నాను, క్షమించాలి సార్. మా నాన్నగారికి గుండె జబ్బుంది, రక్తం పలచబడే మాత్ర వేసుకుంటారు, షుగర్ కూడా ఉంది. నడుము నొప్పికి ఇది చేయిస్తే ఎలా ఉంటుందా అని. ఇంకొకటి, మా జిమ్ ట్రైనర్ తనే సూదులు పెడతానంటున్నాడు.

జవాబు (ఫిజియోథెరపిస్టు, జయనగర)

జిమ్ ట్రైనర్ చేత వద్దండి, ఎంత దోస్తీ ఉన్నా సరే.

నాన్నగారి విషయంలో ఆ మాత్ర పేరు, కారణం తెలియకుండా ఎవరూ సూది పట్టకూడదు. వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్ళకి లోపల రక్తం కారి ఒకచోట చేరి వాపు రావచ్చు, ముఖ్యంగా నడుము లోతు కండరాల్లో అయితే నొక్కి ఆపడానికి కూడా వీలుండదు. సూది కోసం ఆ మాత్ర మీ అంతట మీరు ఆపేయడం ఇంకా ప్రమాదం, గుండెకి, మెదడుకి ముప్పు. షుగర్ అదుపులో లేకపోతే ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది. పేస్‌మేకర్ ఉంటే సూదులకి కరెంటు కలిపే పద్ధతి అసలే వద్దు. ఆయనకి నడక, వ్యాయామం, కాపడంతోనే మొదలుపెట్టండి, కార్డియాలజిస్టుకి ఒక మాట చెప్పండి. గర్భిణులు కూడా మామూలుగా దీనికి దూరంగా ఉండటం మంచిది.

అందరికీ ఒక మాట. చేతిలో పట్టు తగ్గడం, వేళ్ళు తిమ్మిరెక్కి వస్తువులు జారిపోవడం, నడకలో తూలడం, మూత్రం మీద అదుపు తప్పడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపేసే నొప్పి, ఇవి ఉంటే ఫిజియో దగ్గరికి కాదు, ముందు డాక్టరు దగ్గరికి. ఎడమ భుజం, దవడ నొప్పితో చెమటలు పడితే అది కండరమని సర్దిచెప్పుకోకుండా వెంటనే ఈసీజీ తీయించండి.

మళ్ళీ అడిగినవారు (సభ్యురాలు, మారతహళ్లి)

చాలా చాలా థాంక్స్ అండి. ఆ సెంటర్‌లో మీరు చెప్పిన ప్రశ్నలు అడిగితే "అవన్నీ మీకెందుకు మేడమ్" అన్నారు. వచ్చేశాను. వేరేచోట ఎంపీటీ చేసిన ఒకావిడ దొరికారు. ముందు చాలాసేపు పరీక్షించారు, భుజం మీద నొక్కితే కణతలో అదే నొప్పి తెలిసింది. బోర్లా పడుకోబెట్టి, కండరం పట్టి లేపి సూది పెట్టారు. చురుకు లేదు గానీ కండరం ఎగిరినప్పుడు ఒక లోతైన నొప్పి, కొన్ని క్షణాలే. రెక్క ఎముక దగ్గర ఆవిడే వద్దన్నారు. ఎలాస్టిక్ బ్యాండ్‌తో వ్యాయామం కూడా నేర్పారు. ఇవాళ భుజం పచ్చిపుండులా ఉంది. మెడ మాత్రం నిన్నటికన్నా ఎక్కువ తిరుగుతోంది. ఇది మామూలేనా? రేపు రాత్రి బస్సుకి నెల్లూరు వెళ్ళాలి, ఏదైనా టెన్షన్ పడాల్సింది ఉందా?

జవాబు (ఫిజియోథెరపిస్టు, జయనగర)

ఆ సలుపు మామూలే, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. చిన్న కమిలిన మచ్చ కనిపించినా భయపడొద్దు. గోరువెచ్చని కాపడం పెట్టుకోండి, మెడను మెల్లగా కదుపుతూ ఉండండి, ఇవాళ బరువులు వద్దు. బస్సులో మెడ కింద ఆనుకోవడానికి చిన్న దిండు పెట్టుకోండి, బస్సు ఆగినప్పుడు దిగి కాసేపు నడవండి.

గమనించాల్సింది ఒకటే. ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, ఉన్నట్టుండి పొడి దగ్గు వస్తే ప్రయాణం మానుకుని ఎమర్జెన్సీకి వెళ్ళి, భుజం మీద సూది పెట్టారని చెప్పి ఛాతీ ఎక్స్‌రే తీయించండి. ఈ లక్షణాలు వెంటనే కాక కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు కూడా బయటపడవచ్చు. అనుమానం ఉన్నంతసేపు విమానం ఎక్కకూడదు. అవేవీ లేకపోతే హాయిగా వెళ్ళిరండి.

వచ్చేసారి ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు. సూది చూసి కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళు ఉంటారు, ఉపవాసం ఉన్న రోజున ఆ అవకాశం ఇంకా ఎక్కువ. ఈలోగా ల్యాప్‌టాప్ కింద నాలుగు పుస్తకాలు పెట్టి స్క్రీన్‌ని కంటి ఎత్తుకి తెచ్చి, కీబోర్డు విడిగా కొనుక్కోండి.

మళ్ళీ అడిగినవారు (సభ్యురాలు, మారతహళ్లి)

నెల్లూరు చేరానండి, ఆయాసం గట్రా ఏమీ లేదు. అమ్మ నా మెడ తిప్పించి చూసి, ఇప్పుడు తన మోకాలికి పెట్టిస్తావా అంటోంది! అరిగిందని డాక్టరు చెప్పారు. పెట్టించొచ్చా?

జవాబు (ఫిజియోథెరపిస్టు, జయనగర)

అరుగుదలకి సూది మొదటి మందు కాదండి. తొడ కండరానికి బలం తెచ్చే వ్యాయామం, కాస్త బరువు తగ్గడం, ఇవి ముందు. నెల్లూరులోనే ఒక మంచి ఫిజియోకి చూపించండి. కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేచి కూర్చోవడం అమ్మగారి చేత ఇవాళే చేయించి చూడండి. ఎన్నిసార్లు చేయగలిగారో రాసి పెట్టండి, అక్కడి నుంచి పెంచుకుంటూ వెళ్ళొచ్చు.